సముద్రం మీద మంచె: 849 స్క్వాడ్రన్ ఉన్న రోజులు, లేని రోజులు

1978 డిసెంబర్‌లో బ్రిటిష్ నౌకాదళం తన 849వ స్క్వాడ్రన్‌ను, అంటే ఒక విమాన విభాగాన్ని, మూసేసింది. ఆ స్క్వాడ్రన్ విమానాలు ఎగరడానికి అప్పటికి మిగిలిన ఒకే ఒక్క పెద్ద నౌక ఆర్క్ రాయల్. అది రిటైరైంది, దాంతోపాటే ఇవీ పోయాయి. అదే నౌక మీదున్న ఫాంటమ్, బకనీర్ జెట్లు వైమానిక దళం చేతికి వెళ్ళి ఇంకా చాలా ఏళ్ళు ఎగిరాయి. 849 దగ్గరున్న గానెట్ విమానాలకు ఆ యోగం పట్టలేదు. లావుపాటి ఒళ్ళు, ముక్కు మీద ఒకదాని వెనక ఒకటి ఎదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, పొట్ట కింద గుమ్మడికాయలాంటి రాడార్ గుండు. అది బాంబు వెయ్యదు, క్షిపణి పేల్చదు. నౌకల గుంపు పైన గంటల తరబడి చక్కర్లు కొడుతూ, దూరం నుంచి ఎవరొస్తున్నారో ముందుగా చూసి చెప్పడమే దాని ఉద్యోగం. అలాంటి పని అవసరం ఇక లేదని లండన్‌లో లెక్క తేల్చారు.

మూడున్నరేళ్ళు తిరక్కుండానే, 1982 మే 4న, ఫాక్లాండ్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో, షెఫీల్డ్ అనే బ్రిటిష్ డెస్ట్రాయర్ యుద్ధనౌకకి ఎక్సోసెట్ క్షిపణి తగిలింది. 20 మంది చనిపోయారు. క్షిపణిని వదిలిన విమానాలు సముద్రాన్ని దాదాపు రాసుకుంటూ వచ్చి, వదిలి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.

849 స్క్వాడ్రన్ పుట్టింది 1943లో, ఆఖరిసారి మూతపడింది 2020లో. ఈ మధ్యలో అది చేసిన పనుల జాబితా పెద్దదే. కానీ అది ఎందుకు ఉండాలో తెలియాలంటే, ఉన్న సంవత్సరాల కంటే లేని సంవత్సరాలనే గట్టిగా చూడాలి.

జొన్నచేలో మంచె ఎందుకు వేస్తారో తెలిసినవాళ్ళకి ఈ విమానాల సంగతి సగం తెలిసినట్టే. గట్టు మీద నిలబడితే ముందున్న నాలుగు సాళ్ళే కనిపిస్తాయి. మంచెక్కితే చేనంతా కనిపిస్తుంది. సముద్రం మీద జొన్న కంకులు అడ్డం రావు గానీ, భూమి గుండ్రంగా ఉండటమే అడ్డం. రాడార్ తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి, నీటి వంపు వెనక దాక్కున్నదాన్ని చూడలేవు. చిన్న లెక్క వేసుకుంటే తేలిపోతుంది. నౌక స్తంభం మీద, నీటికి 25 మీటర్ల ఎత్తులో రాడార్ ఉందనుకుందాం. 30 మీటర్ల ఎత్తులో వస్తున్న శత్రు విమానం సుమారు 43 కిలోమీటర్ల దగ్గరికి వస్తే గానీ దానికి కనిపించదు. రాడార్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానానికి ఆ దూరం మూడు నిమిషాల పని. ఇక నీటికి మూడు మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే క్షిపణి అయితే 28 కిలోమీటర్ల లోపలికి వచ్చాకే కంటపడుతుంది. చేతిలో ఉండేది నిమిషంన్నర.

అదే రాడార్‌ని 3,000 మీటర్ల పైకి మోసుకెళ్తే అదే విమానం దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోనే దొరికిపోతుంది. 16 నిమిషాలకు పైగా టైం. ఆ టైంలో గాల్లో ఉన్న మన ఫైటర్లను అటు మళ్ళించవచ్చు, నౌకల్లో అందర్నీ పోరు స్థానాలకు చేర్చవచ్చు. మూడు నిమిషాలకీ పదహారు నిమిషాలకీ ఉన్న ఈ తేడా కోసమే ప్రపంచంలో ముందస్తు హెచ్చరిక స్క్వాడ్రన్లన్నీ ఉన్నాయి.

849 మొదట్లో ఈ పని కోసం పుట్టలేదు. 1943 ఆగస్టులో అమెరికా రోడ్ ఐలండ్‌లోని క్వాన్సెట్ పాయింట్‌లో, గ్రమ్మన్ అవెంజర్ విమానాలతో టార్పెడో, బాంబు దాడుల స్క్వాడ్రన్‌గా మొదలైంది. 1944లో నార్మండీ దాడి సమయంలో ఇంగ్లిష్ చానల్ మీద జలాంతర్గాములను, శత్రు నౌకలను వెతికింది. ఆ ఏడాది చివరికి సిలోన్ (నేటి శ్రీలంక) చేరి విక్టోరియస్ నౌకెక్కింది. 1945 జనవరి 24న, మళ్ళీ 29న, సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కేంద్రాల మీద బ్రిటిష్ నౌకాదళం చేసిన దాడుల్లో పాల్గొంది. జపాన్ విమానాలకి ఇంధనం పెద్ద మొత్తంలో వచ్చేది అక్కణ్ణుంచే. ఆ కేంద్రాల పైన తాళ్ళతో కట్టిన బెలూన్లు వదిలారు. వాటి తీగల మధ్య నుంచి దిగి బాంబులు వెయ్యాలి. మనిషికి వణుకు పుట్టించే పని అది. పాలెంబాంగ్ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

తర్వాత విక్టోరియస్ పసిఫిక్‌కి వెళ్ళింది. ఒకినావా యుద్ధంలో, 1945 మేలో, జపాన్ కామికాజీ (ఆత్మాహుతి) విమానాలు ఆ నౌకని నేరుగా గుద్దాయి. బ్రిటిష్ విమానవాహక నౌకల డెక్కులకి ఉక్కు పలకలు ఉండటంతో అది తట్టుకుంది.

సరిగ్గా ఈ కామికాజీల బాధ పడలేకే అమెరికాలో ఇంకో పని హడావిడిగా సాగుతోంది. ఎంఐటీ విశ్వవిద్యాలయంలోని రేడియేషన్ లాబొరేటరీ, నౌకాదళం కలిసి ‘ప్రాజెక్ట్ కాడిలాక్’ పేరుతో ఒక పెద్ద రాడార్‌ని విమానం పొట్ట కింద బిగించే ప్రయత్నంలో ఉన్నాయి. అంతవరకూ ఒకినావా చుట్టూ అమెరికన్లు చేసిందేమిటంటే, డెస్ట్రాయర్లను ముందుకు పంపి, ఒక్కోదాన్ని ఒక్కో దిక్కున కాపలా పెట్టడం. నౌకల గుంపుకి అవే కళ్ళు. మరి కళ్ళనే ముందు పొడుస్తారు కదా. కాపలా డెస్ట్రాయర్లు వరసగా దెబ్బతిన్నాయి. ఏపీఎస్-20 అని పేరు పెట్టిన ఆ కొత్త రాడార్ యుద్ధానికి అందలేదు, జపాన్ లొంగిపోయింది. కానీ దాన్ని బిగించడానికి ఎంచుకున్న విమానం ఏదో చూస్తే నవ్వొస్తుంది. అదే అవెంజర్. టార్పెడో పెట్టే చోట రాడార్ పెట్టారు. 849 వాళ్ళు బాంబులు మోసిన విమానమే, వాళ్ళకి తెలియకుండానే, వాళ్ళ రాబోయే వృత్తికి మొదటి బండి అయింది.

యుద్ధం అయ్యాక 1945లోనే స్క్వాడ్రన్‌ని రద్దు చేశారు. 1952 జూలైలో అదే నంబరు మళ్ళీ పుట్టింది, ఈసారి ముందస్తు హెచ్చరిక కోసం. అమెరికా సైనిక సాయం కింద ఇచ్చిన 50 స్కైరైడర్ విమానాలు, వాటి పొట్ట కింద ఏపీఎస్-20. ప్రధాన స్థావరం ఇంగ్లాండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని కల్‌డ్రోజ్.

ఇక్కడ ఈ స్క్వాడ్రన్ నడిచే తీరు ఒకటి చెప్పుకోవాలి. మామూలు స్క్వాడ్రన్ మొత్తంగా ఒక నౌకెక్కుతుంది. 849 అలా కాదు. ఒక్కో విమానవాహక నౌకకి ఇలాంటి విమానాలు మూడో నాలుగో ఉంటే చాలు. అందుకని స్క్వాడ్రన్‌ని ‘ఫ్లైట్’లుగా విడగొట్టి, ఏ ఫ్లైట్ ఒక నౌకకి, బి ఫ్లైట్ ఇంకో నౌకకి ఇచ్చారు. శిక్షణ, మరమ్మతు, కొత్తవాళ్ళని తయారు చేయడం కల్‌డ్రోజ్ పని. అద్దెకిచ్చే హార్వెస్టర్లు ఊరూరా తిరిగినట్టు, 849 మనుషులు నౌకనౌకకీ తిరిగారు. దీని వల్ల ఒక లాభం, ఒక నష్టం. బ్రిటిష్ నౌకాదళం ఎక్కడ యుద్ధానికి దిగినా, 1956 సూయజ్ సహా, వీళ్ళ ముక్క ఒకటి అక్కడ ఉండేది. కానీ ఏ నౌకలోనూ వీళ్ళది పెద్ద గుంపు కాదు. డబ్బు కోసం, డెక్కు మీద చోటు కోసం గొంతు పెంచి అడిగే బలం ఎప్పుడూ లేదు. బడ్జెట్ కోతలు వచ్చినప్పుడు దీని ప్రభావం తక్కువేం కాదు.

1960 నుంచి స్కైరైడర్ల స్థానంలో ఫెయిరీ కంపెనీ గానెట్ వచ్చింది. ముక్కులో రెండు ఇంజన్లు ఒకే చోట జత చేసి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. పైకెక్కాక ఒక ఇంజన్ ఆపేసి, ఒక్కదానితోనే తిరుగుతూ ఇంధనం మిగుల్చుకోవచ్చు. వేగం అక్కర్లేదు, ఎక్కువసేపు గాల్లో ఉండటమే కావాలి కాబట్టి ఇది మంచి ఏర్పాటే.

పైలట్ ముందు గదిలో ఒంటరిగా ఉంటాడు. వెనక పొట్టలో ఇరుకైన గది, అందులో పక్కపక్కన ఇద్దరు అబ్జర్వర్లు. అసలు పని వాళ్ళది. గుండ్రటి తెర మీద వెలుగు గీత తిరుగుతూ ఉంటుంది, దాని వెనక చుక్కలు వెలిగి ఆరిపోతుంటాయి. ఏ చుక్క విమానం, ఏది నౌక, ఏది ఉత్తి అల అని మనిషి కన్నే తేల్చాలి, కంప్యూటర్ లేదు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే అలల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో తెర మధ్యభాగమంతా తెల్లగా అలుక్కుపోతుంది. ఆ తెలుపులో నీటిని అంటుకుని వచ్చే చిన్న విమానాన్ని పట్టుకోవడం ఇసుకలో ఆవగింజను ఏరినట్టే. గ్రీజు పెన్సిల్‌తో గుర్తులు పెడుతూ, రేడియోలో మన ఫైటర్లకి దిక్కులు చెబుతూ, ఊగే విమానంలో నాలుగైదు గంటలు. అబ్జర్వర్ అంటే చూసేవాడు అనిపిస్తుంది గానీ, నిజానికి అతను గాల్లోని ట్రాఫిక్‌నంతా నడిపే కంట్రోలర్.

గానెట్ కొత్తదే, దాని కింద రాడార్ మాత్రం పాతదే. స్కైరైడర్ల నుంచి విప్పిన ఏపీఎస్-20లనే తెచ్చి బిగించారు. ఈ కథలో పదే పదే జరిగేది ఇదే. బండి మారుతుంది, కన్ను మారదు. 1970లలో గానెట్ల నుంచి విప్పిన అవే రాడార్లు వైమానిక దళం వారి షాకిల్టన్ విమానాలకు వెళ్ళాయి, అక్కడ 1991 దాకా పనిచేశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కామికాజీల కోసం గీసిన డిజైన్, సోవియట్ యూనియన్ కూలిపోయే ఏడాది దాకా బ్రిటన్‌కి కాపలా కాసింది. ఇది మెచ్చుకోవాల్సిన పొదుపో, సిగ్గుపడాల్సిన నిర్లక్ష్యమో చెప్పడం కష్టం. రెండూ కొంత కొంత.

1966లో ఈ విమానాలకి యుద్ధం కాని పని ఒకటి పడింది. రొడీషియా (నేటి జింబాబ్వే) మీద ఆంక్షలు పెట్టినప్పుడు, మొజాంబిక్‌లోని బైరా రేవుకి చమురు ట్యాంకర్లు వెళ్ళకుండా చూడాల్సి వచ్చింది. వేల చదరపు కిలోమీటర్ల సముద్రంలో ఏ ఓడ ఎటు పోతోందో కనిపెట్టేందుకు ఆర్క్ రాయల్, ఈగిల్ నౌకల నుంచి గానెట్లు రోజుల తరబడి ఎగిరాయి. విసుగు పుట్టించే పనే, కానీ ఇంకెవరూ అంత తేలిగ్గా చెయ్యలేని పని.

అదే 1966 ఫిబ్రవరిలో డెనిస్ హీలీ రక్షణ మంత్రిగా ఉండగా, కొత్త విమానవాహక నౌక సీవీఏ-01ని రద్దు చేశారు. వాదన సూటిగా ఉంది. బ్రిటన్ ఇక ఒంటరిగా దూరదేశాల్లో యుద్ధం చెయ్యదు, యూరప్ చుట్టుపక్కల అయితే ఒడ్డు మీది వైమానిక దళమే నౌకలకి గొడుగు పడుతుంది. గొడుగులో భాగంగా 1972లో వైమానిక దళం 8వ స్క్వాడ్రన్‌కి 12 షాకిల్టన్లు సమకూర్చారు. అందులో పొట్ట కింద ఉన్నవి మళ్ళీ మన పాత ఏపీఎస్-20లే. ఉత్తర అట్లాంటిక్ వరకు ఈ వాదనలో తప్పేం లేదు. అది కాగితం మీద గీసిన మ్యాపు దాటి బయటికి పోనంతవరకూ నిలబడుతుంది.

పాత నౌకలు ఒక్కొక్కటే పోయాయి. వాటి స్థానంలో కట్టిన ఇన్విన్సిబుల్ తరగతి నౌకలు చిన్నవి. వాటికి కాటపుల్ట్ లేదు. కాటపుల్ట్ అంటే బరువైన విమానాన్ని డెక్కు మీద నుంచి ఉండేలులో రాయిలా విసిరే యంత్రం. అది లేకుండా గానెట్ లేవదు. నిలువుగా దిగే హారియర్ జెట్లు, హెలికాప్టర్లు మాత్రం ఎగరగలవు. అంటే 1978లో 849ని మూసేయడం ఆ సంవత్సరం తీసుకున్న నిర్ణయం కాదు. పన్నెండేళ్ళ కింద సంతకం పెట్టిన కాగితం అప్పటికి అమల్లోకి వచ్చింది, అంతే.

ఇక ఫాక్లాండ్స్. దగ్గరలో ఉన్న బ్రిటిష్ రన్‌వే అసెన్షన్ దీవిలో ఉంది, అక్కడి నుంచి యుద్ధరంగం 6,000 కిలోమీటర్ల పైచిలుకు. షాకిల్టన్ల గొడుగు అక్కడికి రాదు. నౌకల గుంపుకి ముందుచూపు లేదు కాబట్టి కమాండర్లు ఏం చేశారు? 1945లో అమెరికన్లు చేసిందే చేశారు. షెఫీల్డ్, గ్లాస్గో, కోవెంట్రీ అనే మూడు డెస్ట్రాయర్లను గుంపుకి ముందు కాపలా పెట్టారు. ఆ మూడింటిలో షెఫీల్డ్ మే 4న, కోవెంట్రీ మే 25న దెబ్బతిని మునిగిపోయాయి. గ్లాస్గో బాంబు దెబ్బ తిని, బతికి బట్టకట్టి ఇంటికి పోయింది.

మే 4 ఉదయం బ్రిటిష్ నౌకల్ని వెతికి పట్టింది అర్జెంటీనా నౌకాదళం వారి ముసలి నెప్ట్యూన్ గస్తీ విమానం. దాని రాడార్ ఏమిటో తెలుసా? ఏపీఎస్-20. బ్రిటిష్ నౌకాదళం మూడున్నరేళ్ళ కింద వద్దనుకున్న రాడార్ కుటుంబమే అవతలి పక్షాన పనిచేస్తూ, రెండు సూపర్ ఎతాందార్ జెట్లకి దారి చూపింది. ఆ జెట్లు అలల ఎత్తులో వచ్చి, క్షణకాలం పైకి లేచి, తమ రాడార్‌తో ఒక్కసారి చూసి, మళ్ళీ కిందికి దిగి, చెరో ఎక్సోసెట్ వదిలాయి. ఒకటి షెఫీల్డ్‌కి తగిలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గానెట్ ఉండి ఉంటే షెఫీల్డ్ బతికేదని చాలామంది అలవోకగా అనేస్తారు. అంత ధీమాగా చెప్పలేం. దక్షిణ అట్లాంటిక్ అలల మధ్య ఏపీఎస్-20 ఎంత చూడగలిగేదన్నది అనుమానమే. పైగా ఆ రోజు తప్పంతా రాడార్ లేకపోవడానిదీ కాదు. పక్కనున్న గ్లాస్గో జెట్ల రాడార్ సంకేతాన్ని పసిగట్టి హెచ్చరిక పంపింది. షెఫీల్డ్‌లో దానికి స్పందించాల్సినంత వేగంగా స్పందించలేదు. అది మనుషుల వైపు లోపం.

కానీ ఒక్క నౌక లెక్కతో ఈ విషయాన్ని తూచకూడదు. ఎక్సోసెట్ భయంతో రెండు విమానవాహక నౌకలూ దీవులకి తూర్పున చాలా దూరంలో ఉండిపోయాయి. అంత దూరం నుంచి వచ్చిన హారియర్లకి దీవుల మీద కాపలా కాసే టైం కొద్ది నిమిషాలే మిగిలేది. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడకి ఎక్సోసెట్లు తగిలి 12 మంది పోయారు, వాళ్ళతో పాటు మూడు పెద్ద షినూక్ హెలికాప్టర్లూ కాలిపోయాయి. ఆ హెలికాప్టర్లు మోయాల్సిన సైనికుల్లో చాలామంది బరువులన్నీ భుజాన వేసుకుని, బురదనేలలో దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి కాలినడకన పోయారు. ఆకాశంలో ఒక కన్ను లేకపోతే, దాని ఖరీదు చివరికి ఎవరి అరికాళ్ళ మీద పడుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ వేసవిలో బ్రిటన్ చేసి చూపించింది. అయితే ఆకులు పట్టుకున్న వేగం మాత్రం మెచ్చుకోదగ్గదే. యుద్ధం నడుస్తుండగానే, ఉన్న సీ కింగ్ హెలికాప్టర్‌కి ఉన్న సెర్చ్‌వాటర్ రాడార్ బిగించాలని నిర్ణయించారు. 11 వారాల్లో రెండు హెలికాప్టర్లు తయారయ్యాయి. మామూలు రోజుల్లో ఇలాంటి పనికి ఏళ్ళు పడుతుంది.

సెర్చ్‌వాటర్ ఎంపిక కొంత అదృష్టం, కొంత తెలివి. అది నిజానికి నిమ్‌రాడ్ గస్తీ విమానాల్లో జలాంతర్గాముల పెరిస్కోపులు వెతకడానికి చేసినది. అల్లకల్లోలంగా ఉన్న నీళ్ళలో చీపురుపుల్లంత పెరిస్కోపుని పట్టుకోగలిగిన రాడార్, అలల్ని అంటుకుని వచ్చే జెట్‌ని పట్టుకోదా? ఏపీఎస్-20 తెరని తెల్లగా అలికేసిన అలల గోలని జల్లెడ పట్టడమే దీని పుట్టుక లక్ష్యం. ఒక జబ్బుకి చేసిన మందు ఇంకో జబ్బుకి కుదిరినట్టయింది.

చిక్కల్లా దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. హెలికాప్టర్ పొట్ట కింద పెడితే నౌక మీద దిగలేదు. అందుకని పక్కన ఒక చెయ్యి బిగించి, దాని చివర రబ్బరు పూత వేసిన కెవ్లార్ గుడ్డతో పెద్ద సంచి లాంటి కవచం తగిలించి, అందులో రాడార్ పెట్టారు. గాలి ఊది ఉబ్బించిన సంచి అది. నేల మీద ఉన్నప్పుడు చెయ్యి వెనక్కి మడుచుకుని సంచి పక్కన వేలాడుతుంది. గాల్లోకి లేచాక చెయ్యి కిందికి దిగుతుంది, సంచి చక్రాల కంటే కిందికి వచ్చి నాలుగు దిక్కులా చూస్తుంది. అందంగా ఉందని ఎవరూ అనలేదు. ఆ సంచి వల్లే వీళ్ళకి నౌకాదళంలో ‘బ్యాగర్స్’ అని పేరు పడింది. పేరు ఈనాటికీ పోలేదు.

జూన్ 14న యుద్ధం ముగిసింది. సంచి హెలికాప్టర్లు ఆగస్టులో ఇలస్ట్రియస్ నౌకెక్కి, 824 స్క్వాడ్రన్ వారి డి ఫ్లైట్‌గా దక్షిణాదికి వెళ్ళాయి. అసలు పోరుకి అందలేదు, ప్రాజెక్ట్ కాడిలాక్ లాగానే. 1984 నవంబర్‌లో కల్‌డ్రోజ్‌లో 849 నంబరు మళ్ళీ తెరిచారు. ఆ నంబరుకది మూడో జన్మ.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా పెద్దగా చెప్పుకునే సంఘటనలు లేవు. ఏడ్రియాటిక్ సముద్రంలో గస్తీలు, విన్యాసాలు. 2000ల మొదట్లో హెలికాప్టర్లకి సెర్చ్‌వాటర్ 2000 రాడార్, సెర్బరస్ అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ వచ్చాయి. వందల లక్ష్యాలని అదే గుర్తుపెట్టుకుని వెంబడిస్తుంది, గ్రీజు పెన్సిల్ రోజులు పోయాయి. పేరు కూడా ‘ముందస్తు హెచ్చరిక’ నుంచి ‘గగన నిఘా, నియంత్రణ’కి మారింది. పేరు మార్పు ఉత్తి డాబు కాదని త్వరలోనే తేలింది.

2003 మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైనప్పుడు, ఆర్క్ రాయల్ అనే ఆ పాత పేరే పెట్టుకున్న కొత్త నౌక నుంచి ఇవి ఎగిరాయి. నౌకల మీద దాడికి వచ్చే ఇరాక్ విమానాలేమీ లేవు. కానీ అల్ ఫా ద్వీపకల్పంలో దిగిన మెరైన్ల కోసం చూస్తుంటే, ఈ రాడార్ నేల మీద కదిలే వాహనాల్ని కూడా చక్కగా పట్టుకుంటోందని తెలిసింది. సముద్రం కోసం చేసిన కన్ను ఎడారిలో ట్యాంకుల్ని చూపించింది. ఆ యుద్ధంలోనే స్క్వాడ్రన్‌కి అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది. మార్చి 22 తెల్లవారకముందు, చీకట్లో, నౌక నుంచి బయల్దేరిన ఒక సీ కింగ్, తిరిగి వస్తున్న ఇంకో సీ కింగ్ గాల్లో ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న ఏడుగురూ చనిపోయారు, వాళ్ళలో ఒకరు అమెరికా నౌకాదళ అధికారి. ఎంతో దూరంలో ఉన్నదాన్ని చూడటమే వృత్తిగా ఉన్న రెండు హెలికాప్టర్లు ఒకదాన్నొకటి తప్పించుకోలేకపోయాయి. శత్రువు తుపాకీ పేలకుండానే పోయిన ప్రాణాలు అవి.

2006లో ఏ, బి ఫ్లైట్లను 854, 857 అనే సొంత నంబర్లున్న స్క్వాడ్రన్లుగా చేసి, 849ని శిక్షణకి ఉంచారు. 2009 నుంచి 2014 దాకా ఆ రెండూ వంతులవారీగా అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో, క్యాంప్ బాస్టియన్ నుంచి పనిచేశాయి. సముద్రం ఆనవాలే లేని దేశంలో నౌకాదళపు హెలికాప్టర్లు! రాత్రిపూట ఎడారి దారుల్లో పేలుడు పదార్థాలు, మత్తుమందులు మోసే వాహనాల్ని కనిపెట్టి కింద ఉన్న దళాలకి చెప్పడం వాటి పని. 1982లో సముద్రం కోసం కంగారుగా కట్టిన సంచి, ముప్ఫై ఏళ్ళ తర్వాత దుమ్ములో తిరిగింది.

2015లో అన్నిటినీ మళ్ళీ 849 కిందికే తెచ్చారు. ఈసారి ఫ్లైట్లకి అక్షరాలు కాకుండా పేర్లు పెట్టారు. ఒకటి నార్మండీ, ఇంకొకటి పాలెంబాంగ్. బెలూన్ తీగల మధ్య నుంచి దిగిన అవెంజర్ల జ్ఞాపకం అలా హెలికాప్టర్ల మీదికి వచ్చింది.

2018 సెప్టెంబర్‌లో సీ కింగ్‌లు రిటైరయ్యాయి. తర్వాతి బండి మెర్లిన్ హెలికాప్టర్, దానికి బిగించే వ్యవస్థ పేరు క్రోస్‌నెస్ట్. పాత ఓడల్లో స్తంభం చివర కాపలావాడు నిలబడే బుట్టకి ఉన్న పేరది. మంచెకి ఓడవాళ్ళ మాట. రాడార్ మాత్రం, ఊహించినట్టే, సెర్చ్‌వాటర్ వంశానిదే. అది టైముకి రాలేదు. అనుకున్నదానికంటే ఏడాదిన్నర ఆలస్యమని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2020లో రాసింది. ఆ మధ్యకాలంలో క్వీన్ ఎలిజబెత్ అనే 65,000 టన్నుల కొత్త విమానవాహక నౌక నీళ్ళ మీద తిరుగుతోంది, పైన కన్ను మాత్రం లేదు. 1978లో కావాలని వదులుకున్నారు, 2018లో పనులు నత్తనడకన సాగి పోగొట్టుకున్నారు. కారణాలు వేరైనా ఖాళీ అదే. ఈసారి ఆ ఖాళీలో ఎవరూ దాడి చెయ్యలేదు, అదొక్కటే తేడా. 2020 ఏప్రిల్‌లో 849ని మూసేసి, క్రోస్‌నెస్ట్ పనిని 820 స్క్వాడ్రన్‌కి అప్పగించారు.

ఈ చరిత్రకి మన దేశంతో ఒక దారం ఉంది. 1960లలో 849 గానెట్లు ఎగిరిన నౌకల్లో హెర్మిస్ ఒకటి. 1982లో ఫాక్లాండ్స్ దళానికి అదే ప్రధాన నౌక, అప్పటికి దాని కాటపుల్ట్ తీసేసి, జెట్లు ఎగరడానికి ముందు భాగంలో పైకి లేచే వాలు కట్టారు. ఆ హెర్మిస్‌నే భారత్ కొని 1987లో ఐఎన్ఎస్ విరాట్‌గా నౌకాదళంలో చేర్చింది. విరాట్ 2017లో రిటైరయ్యాక విశాఖలో మ్యూజియంగా పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముచ్చటపడింది గానీ పని జరగలేదు, చివరికి అది గుజరాత్‌లోని అలంగ్‌లో తుక్కుగా విరిగింది. నౌకతో పాటు మనకి ఆ సమస్య కూడా వచ్చింది. వాలు ఉన్న నౌక మీద నుంచి బరువైన రాడార్ విమానం లేవదు. అమెరికా, ఫ్రాన్స్ నౌకల మీద కాటపుల్ట్ ఉంది కాబట్టి హాకై అనే రాడార్ విమానాలు ఎగురుతాయి. చైనా కూడా తన ఫుజియాన్ నౌకకి విద్యుదయస్కాంత కాటపుల్ట్ పెట్టి అదే దారి పట్టింది. భారత్ 2003 నుంచి రష్యా కామోవ్-31 హెలికాప్టర్లు వాడుతోంది. వాటి పొట్ట కింద పలకలా మడిచిన యాంటెన్నా గాల్లో విప్పుకుని గిరగిరా తిరుగుతుంది, అది తిరగడానికి చక్రాలు పైకి ముడుచుకుంటాయి. సంచికి బదులు పలక. విక్రమాదిత్యకీ, కొచ్చిలో కట్టిన కొత్త విక్రాంత్‌కీ వాలే ఉంది, కాబట్టి హెలికాప్టరే దిక్కు.

హెలికాప్టర్‌తో వచ్చే ఇబ్బంది దాచేది కాదు. మూడు వేల మీటర్ల ఎత్తు దాటి పెద్దగా పోలేదు, కొన్ని గంటలే నిలుస్తుంది, వేగం తక్కువ. హాకై దానికి రెండింతల పైగా ఎత్తుకి వెళ్తుంది. ఎత్తు పెరిగితే చూపు ఎంత పెరుగుతుందో పైన వేసిన లెక్కే చెబుతుంది. అయినా నౌక రాడార్ చూసే 43 కిలోమీటర్లకీ 250 కిలోమీటర్లకీ ఉన్న తేడా ముందు, 250కీ 400కీ ఉన్న తేడా చిన్నది. బ్యాగర్స్ నలభై ఏళ్ళుగా బతికింది ఈ వాదన మీదే.

క్రోస్‌నెస్ట్‌ని 2029లో తీసేస్తామని బ్రిటన్ ఇప్పటికే ప్రకటించింది. తర్వాత ఆ పని పైలట్ లేని విమానాలకి అప్పజెప్పాలన్న ఆలోచన నడుస్తోంది. 849 నంబరు ప్రస్తుతం ఖాళీగా ఉంది.